మధ్యాహ్నం తగ్గే నీళ్లు

కవిజి ఊళ్లో బావి మూతకు తాళం వేసి తీసే పని న్యాజిబాది. ఊరంతా కూర్చుని ఆమెకు అప్పజెప్పిన పని అది. తెల్లవారగానే తాళం తీయాలి. ఇంటికి మూడు బిందెల చొప్పున తోడుకోనివ్వాలి. ఎండ ముదిరేలోగా మూత వేసి తాళం బిగించాలి. మళ్లీ సాయంత్రం ఇంటికి ఒక్క బిందె. అక్టోబరు నెల నడుస్తోంది. వానలు పడేది డిసెంబరులో. అప్పటిదాకా ముప్పైరెండు ఇళ్లు ఆ బావిని నమ్ముకునే గడపాలి.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఊరికి దూరంగా సరస్సు వైపున ఉన్న తేయాకు తోటలో, మొక్కలు పెంచే నర్సరీలో పందొమ్మిదేళ్లు పనిచేసింది. భర్త లోటి జ్గాంబో మంచాన పడ్డాడని తెలిసి పని మానేసి ఊరికి తిరిగొచ్చింది. లోటి పోయి ఇప్పటికి పదకొండేళ్లు. నర్సరీలో పనిచేసినవాళ్లకు దేన్నైనా కొలిచి చూస్తే గానీ మనసు ఊరుకోదు. అందుకే ఆమె ఒక పొడుగాటి వెదురు బొంగుకు జానెడేసి దూరంలో కత్తితో గాట్లు పెట్టుకుంది. పొద్దున మూత వేసేముందు ఒకసారి, సాయంత్రం మూత తీశాక ఒకసారి ఆ బొంగును బావిలోకి దించి తడి ఎంతవరకు ఎక్కిందో చూసేది.

మొదటి వారంలోనే తేడా కనిపించింది. పొద్దున మూత వేసేటప్పుడు ఐదు గాట్లు తడిసిన బొంగు, సాయంత్రం మూత తీసేటప్పటికి నాలుగే తడుస్తోంది. తాళం తాళంలాగే ఉంది. మూత చుట్టూ మట్టి మీద కాలి గుర్తులు లేవు. ఎవరి దగ్గరో ఇంకో తాళంచెవి ఉందనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా గురువారం నాడు పొద్దున్నే ఉడికించిన చిలగడదుంపలు మూటగట్టుకుని, గొడుగు వేసుకుని బావి పక్కనే కూర్చుంది.

ఎవరూ రాలేదు. పది గంటలకు బొంగు దించితే ఐదు గాట్లు. పన్నెండు గంటలకు ఐదుకు కాస్త తక్కువ. అప్పుడామె మూత పూర్తిగా పక్కకు నెట్టి లోపలికి తొంగి చూసింది. నీళ్లు కదలడం లేదు. బుడగ లేదు, సుడి లేదు. ఆమె ముఖం అందులో తేటగా కనిపిస్తోంది. కానీ సిమెంటు ఒర మీద నీళ్ల అంచుకు పైన, ఇంతకుముందు నీళ్లు ఉన్న మేర, తడి గీత ఒకటి మిగిలి ఉంది. చూస్తుండగానే ఆ గీత వేలెడంత వెడల్పయింది. కాసేపటికి రెండు వేళ్లయింది. అడుగున ఎవరో నోరు పెట్టి, చప్పుడు కాకుండా పీల్చుకుంటున్నట్టుంది. న్యాజిబా చేతిలోని దుంప తినకుండానే మూటలో పెట్టేసింది.

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే వచ్చి కొలిచింది. ఐదు గాట్లకు పైనే. రాత్రికి రాత్రి నీళ్లు తిరిగొచ్చాయి.

శనివారం న్యామోయో ఆమె గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. న్యామోయో వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర గిన్నెలో పట్టుకొచ్చింది. కూర పట్టుకొచ్చిందంటే మాటేదో కూడా పట్టుకొచ్చిందన్నమాట.

"న్యాజిబా, నీకొక సంగతి చెప్పాలి. కోప్పడకు."

"కోప్పడే సంగతైతే కోప్పడతాను. చెప్పు."

"మొన్న బావి దగ్గర పొద్దంతా కాపలా కూర్చున్నావట. ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"వచ్చేవాడు నీకు కనపడడులే." న్యామోయో గొంతు తగ్గించింది. "ఊళ్లో అనుకుంటున్నారు. నీ ముందు అనలేక ఊరుకుంటున్నారు. లోటి పోయే ముందు ఎన్ని నీళ్లు తాగేవాడో అందరికీ గుర్తే. నేనే ఒకరోజు రెండు బిందెలు మోసుకొచ్చి ఇచ్చాను కదా. పొద్దుగూకేసరికి రెండూ ఖాళీ. ఆ దాహం తీరకుండానే పోయాడు మనిషి."

"అది షుగరు జబ్బు. దాహం వెయ్యడం ఆ జబ్బు గుణం. ఆస్పత్రిలో చెప్పారుగా."

"ఆస్పత్రివాళ్లు బతికున్నవాళ్ల దాహం గురించి చెబుతారు. పోయినవాళ్ల దాహం గురించి వాళ్లకేం తెలుసు? సాయంత్రం చేదకు తాడు ఎక్కువ వదలాల్సొస్తోందని అందరూ చూస్తూనే ఉన్నారు. అంటే నీళ్లు సరిగ్గా మధ్యాహ్నం పూటే తగ్గుతున్నాయి కదా. లోటి పోయింది ఏ వేళప్పుడు?"

న్యాజిబా కూర గిన్నె మీద మూత పెట్టింది. మిట్టమధ్యాహ్నమే పోయాడు. అదీ అక్టోబరులోనే. ఆఖరి మాటగా కూడా నీళ్లే అడిగాడు. ఆమె గ్లాసు తీసుకొచ్చేసరికి కళ్లు తెరుచుకునే ఉన్నాయి, గొంతు మాత్రం మింగలేదు. నోట్లో పోసిన నీళ్లు చెంపల మీదుగా దిండులోకి ఇంకిపోయాయి.

న్యామోయో వెళ్లాక కూర అలాగే చల్లారిపోయింది.

లోటిని ఊరి శ్మశానంలో పెట్టలేదు. శ్మశానం గుట్ట మీద ఉంది. లోటి సమాధి బావికి ఎగువన, రెండు వందల అడుగుల దూరంలో, అతను నాటిన జామాయిల్ తోపులో ఉంది. ఒకప్పుడు అక్కడ చిత్తడి నేల ఉండేది. ఒక ఊట, దాని చుట్టూ రెల్లు, మోకాలి లోతు బురద. లోటి ఆవు ఒకటి ఆ బురదలో దిగబడి, ఎనిమిది మంది తాళ్లు వేసి లాగినా రాక అక్కడే చచ్చిపోయింది. ఆ కోపంతో లోటి అటవీశాఖ వాళ్ల దగ్గర జామాయిల్ మొక్కలు తెచ్చి ఊట చుట్టూ అరవై మూడు నాటాడు. ఈ బురదను నేలగా మార్చకపోతే చూడు అన్నాడు. అన్నట్టే నాలుగేళ్లలో బురద ఎండింది, ఊట మాయమైంది. రెండేళ్లు అక్కడ మొక్కజొన్న కూడా పండించాడు. తర్వాత మొక్కజొన్న కూడా పండడం మానేసింది. పోయేముందు నన్ను నా చెట్ల మధ్యే పెట్టండి అన్నాడు. పోయేవాడి మాట అని ఊరిపెద్ద సరేనన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక న్యాజిబా ఒక్కతే ఆ తోపులోకి వెళ్లింది. ఎండ నడినెత్తిన ఉంది. తోపులో ఒక్క పిట్ట లేదు. కింద గడ్డి లేదు. రాలిన ఆకులు మాత్రం తోలు ముక్కల్లా పరుచుకుని, కాలు వేస్తే పటపటలాడుతున్నాయి. గాలి లేదు. అయినా పైన ఆకులన్నీ అంచు కిందికి తిప్పుకుని వేలాడుతున్నాయి. బయట పొలాల్లో నేల నోళ్లు తెరుచుకుని ఉంటే, ఆకాశం తెల్లగా మండుతుంటే, ఈ అరవై మూడు చెట్లు మాత్రం ఆకు వాడకుండా, నిగనిగలాడుతూ నిలబడి ఉన్నాయి. ఆమె ఒక మాను మీద అరచేయి పెట్టింది. అంత ఎండలోనూ అది చల్లగా ఉంది. నిండు కుండ ఒంటిలా చల్లగా ఉంది.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఆమెకు నర్సరీ గుర్తొచ్చింది.

నర్సరీలో తేయాకు కొమ్మలు నాటి వాటి మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం కప్పేవాళ్లు. మధ్యాహ్నం ఆ కాగితం ఎత్తితే లోపల వాన కురిసినట్టుండేది. కాగితం లోపలివైపు అంతా చుక్కలే. ఆకుల అడుగున కంటికి కనపడనంత చిన్న నోళ్లుంటాయి, ఎండ పడితే అవి తెరుచుకుంటాయి, వేరు తాగిన నీళ్లన్నీ ఆ నోళ్లలోంచి ఆవిరైపోతాయి, కాగితం కప్పకపోతే ఆ నీళ్లు మనకు కనపడకుండా గాల్లో కలిసిపోతాయి అని అక్కడి మేస్త్రి చెప్పేవాడు. పొద్దుగూకితే ఆ నోళ్లు మూసుకుంటాయి. పందొమ్మిదేళ్లు ఆ చుక్కలు చేత్తో తుడిచింది ఆమె.

ఇంటికి వెళ్లి ఎరువు సంచి లోపల ఉండే పల్చని ప్లాస్టిక్ సంచి ఒకటి కడిగి తెచ్చింది. చేతికందే కొమ్మ ఒకదాన్ని ఆకులతో సహా ఆ సంచిలోకి దూర్చి, మూతి దారంతో బిగించి కట్టింది. పావుగంట కాకముందే సంచి లోపల తెల్లటి పొగ మంచులా పట్టింది. తర్వాత అది చుక్కలైంది. చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసి, కిందికి జారి, సంచి మూలలో చేరాయి. సాయంత్రానికి టీ గ్లాసు నిండేన్ని నీళ్లు.

ఒక్క కొమ్మకు గ్లాసుడు. ఒక చెట్టుకు ఎన్ని కొమ్మలు? అలాంటివి అరవై మూడు. ఆమె లెక్క వేసుకుంటూ సంచి విప్పింది. ఆ నీళ్లేం చెయ్యాలో తోచలేదు. పారబొయ్యడానికి చేయి రాలేదు. తాగడానికి మనసు రాలేదు. చివరికి లోటి సమాధి మీద పోసింది. ఎండిన మట్టి ఆ నీళ్లను ఒక్క గుక్కలో మింగేసింది. తడి మచ్చ కూడా మిగల్లేదు.

ఆమె ఇంటికి నడిచింది, వెనక్కి తిరిగి చూడలేదు. చచ్చినవాడు తాగడం లేదని తేలింది. చెట్లే తాగుతున్నాయి. అయితే ఆ చెట్ల వేళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో, దేనిలోంచి పోతున్నాయో తల్చుకుంటే మాత్రం కాళ్లు వేగంగా పడ్డాయి.

మరిది యోబే ఆ మాట వినగానే నవ్వాడు. లోటికంటే తొమ్మిదేళ్లు చిన్న. వడ్రంగి పని చేస్తాడు.

"ఏంటి వదినా, చెట్టుకు చెమట పడుతోందంటావా?"

"అంతేననుకో."

"ఆ చెమటకి బావి ఎండిపోతుందా?"

"నీకు చెమట పడితే నువ్వు బిందెడు తాగవూ? అరవై మూడు మంది ఒక్క పూట పని ఆపకుండా ఎండలో నిలబడితే ఎన్ని బిందెలు తాగుతారో చూసుకో."

యోబే నవ్వు ఆపాడు. "అవి అన్నయ్య చేత్తో నాటినవి. నేనే గోతులు తవ్విచ్చాను. చెట్టు మీద గొడ్డలి వెయ్యమని మాత్రం నన్నడగకు."

"వెయ్యమన్లేదు. ముందు చూడమంటున్నా."

యోబే మొండివాడు. వదిన కట్టింది కాదని, తానే మూడు సంచులు తెచ్చి కట్టాడు. ఒకటి పచ్చని జామాయిల్ కొమ్మకు. ఒకటి విరిగి వేలాడుతూ ఎండిపోయిన కొమ్మకు, ఎండుటాకులతో సహా. మూడోది, ఇందులో మోసం ఏదైనా ఉంటే తెలియాలని, కంచె గుంజకు. సాయంత్రం ఇద్దరూ వెళ్లి చూశారు. గుంజకు కట్టిన సంచి పొడిగా ఉంది. ఎండుకొమ్మ సంచిలో ఆకులు గలగలలాడాయి. పచ్చకొమ్మ సంచి మాత్రం బరువుతో కొమ్మను కిందికి వంచేసింది. యోబే దాన్ని విప్పకుండా, కింద అరచేయి పెట్టి బరువు చూసి వదిలేశాడు.

"పొద్దుట్నుంచి నేనిక్కడే పక్కన పని చేసుకుంటున్నా," అన్నాడు. "ఒక్క చప్పుడు కూడా రాలేదు వదినా. ఇన్ని నీళ్లు పైకెక్కి పోతుంటే ఏదో ఒక చప్పుడు ఉండాలి కదా."

మర్నాడు ఇద్దరూ ఊరిపెద్ద దగ్గరికి వెళ్లారు. పెద్దాయన ఆ సంచిని చాలాసేపు చూశాడు. లోపలి నీళ్లను వేలితో తాకి, వాసన చూసి, "జలుబు మందు వాసనొస్తోంది," అన్నాడు. తర్వాత, "కొట్టండి. సమాధి మీద మాత్రం ఒక్క కొమ్మ కూడా పడకూడదు," అన్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది. యోబే, అతని తోటి మనుషులు ఐదుగురు, రెండు పెద్ద రంపాలు. మొదళ్లను చెక్కి, మళ్లీ చిగురించకుండా చుట్టూ బెరడు ఒలిచేశారు. కోసిన మానులోంచి రోజు రోజంతా నీరు చెమ్మగా ఊరేది. రంపం పళ్లు తడిసిపోయి, మాటిమాటికీ గుడ్డతో తుడుచుకోవాల్సి వచ్చింది. సమాధికి దగ్గరగా ఉన్న నాలుగు చెట్లనూ ఆఖరున కొట్టారు. వాటిని యోబే ఒక్కడే కొట్టాడు.

చెట్లన్నీ పడ్డ మర్నాడు మధ్యాహ్నం న్యాజిబా బొంగు దించింది. ఐదు గాట్లు. సాయంత్రం దించింది. ఐదు గాట్లు. నాలుగో రోజుకు ఐదున్నర. వారానికి ఆరు. వాన చుక్క పడలేదు, మబ్బు తునక లేదు, అయినా బావి నిండుతోంది. పొద్దున నీళ్లకొచ్చిన ఆడవాళ్లు నవ్వులాడారు. న్యామోయో కూడా వచ్చి, ఇంటికి నాలుగో బిందె ఇవ్వమని పోట్లాడింది. న్యాజిబా ఇచ్చింది.

నవంబరు రెండో వారంలో, తెల్లవారుజామున ఆమెకు కప్పల అరుపు వినిపించింది. వానల్లేని నెలలో కప్పలేంటి అనుకుంటూ బయటికొచ్చింది. అరుపు తోపు ఉండే వైపు నుంచి వస్తోంది. ఇప్పుడక్కడ తోపు లేదు, మొదళ్లున్న బయలు మాత్రమే. తూర్పు ఎర్రబడుతుండగా ఆమె అక్కడికి నడిచింది.

కాలి కింద ఆకులు పటపటలాడలేదు. మెత్తగా అణిగాయి. నేల నల్లగా ఉంది. మొదళ్ల మధ్య అక్కడక్కడ నీళ్లు అద్దపు ముక్కల్లా మెరుస్తున్నాయి. ఇరవై ఏళ్ల కిందట మాయమైన ఊట తిరిగొచ్చింది. అది ఎక్కడినుంచి ఊరుతోందో ఆమె చూసింది. లోటి సమాధి దిబ్బ ఎత్తు తగ్గి, మధ్యలో గుంట పడింది. తలవైపు పాతిన సిమెంటు పలక, అతని పేరు రాసి ఉన్నది, ఎవరో వింటున్నట్టు ఒక పక్కకు ఒరిగింది. దిబ్బ పాదం దగ్గర మట్టిలోంచి నీళ్లు సన్నగా, తేటగా, ఆగకుండా వస్తున్నాయి. ఆ నీళ్లు సన్నటి కాలువ కట్టి బావి వైపు పారుతున్నాయి.

ఆమె ఆ కాలువ పక్కన కూర్చుండిపోయింది. కప్పలు ఆగిపోయాయి.

పొద్దెక్కేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రం బావి దగ్గరికి ఒక్క బిందె కూడా రాలేదు. న్యాజిబా మూత తీసి, తాళం చేతిలో పట్టుకుని, పొద్దుగూకేదాకా నిలబడింది. నిండుగా, దాదాపు చేతికందేటంత పైకి నీళ్లు. తోడేవాళ్లు లేరు. ఆడవాళ్లు గంటన్నర నడిచి ఏటికి వెళ్లి తెచ్చుకుంటున్నారు. ఏటి పాయ కూడా ఎండిపోయి ఇసుకలో గుంటలు తవ్వి ముంచుకుంటున్నారు.

"లోటిని తాకొచ్చిన నీళ్లు," అంది న్యామోయో దారిలో ఎదురై. ఎగతాళి లేదు ఆ గొంతులో. "నేనెలా తాగను చెప్పు? వాడి అన్నం తిన్నదాన్ని. ఇప్పుడు వాణ్నే తాగమంటావా?"

"మరి ఇన్నాళ్లూ తాగింది ఏ నీళ్లు? ఆ బావి ఆ ఊట దిగువనే కదా ఉంది."

"అప్పుడు తెలియదు. తెలిశాక వేరు."

ఆ మాట నిజమే. ఆమె కూడా మూడు రోజులుగా ఆ నీళ్లు తాగలేదు. వంటకు మాత్రం, మరిగించి వాడుతోంది. మరిగేటప్పుడు గిన్నె మీద మూత పెట్టి పక్కకు చూస్తోంది.

నాలుగో రోజు యోబే ఇంటికి వెళ్లింది. అతను బల్ల చెక్కుతున్నాడు.

"మీ అన్నను గుట్ట మీదికి తీసుకెళ్దాం," అంది.

యోబే చిత్రిక పక్కన పెట్టాడు. "పెట్టినవాణ్ని తీయడం అంటే ఎంత మాటో తెలుసా వదినా?"

"తెలుసు."

"అక్కడే పెట్టమని తనే అడిగాడు."

"ఎండిన నేలలో పెట్టమని అడిగాడు. అది ఎండి లేదిప్పుడు. ఆరిందనుకున్న చోట మనిషిని నీళ్లలో నాననిచ్చి ఇంట్లో ఎలా పడుకోను? నీకు నిద్ర పడుతోందా?"

యోబేకు నిద్ర పట్టడం లేదని అతని కళ్లే చెబుతున్నాయి. సరేనన్నాడు.

గోతులు తీసే నలుగురు మగవాళ్లు, యోబే, ఊరిపెద్ద, పాస్టరు. తెల్లవారగానే మొదలుపెట్టారు. ఆడవాళ్లు గుట్ట కిందే ఆగి పాట పాడాలని ఆచారం. న్యాజిబా మాత్రం, నేను గోతి దగ్గరే ఉంటాను, అతను వెళ్లేటప్పుడు గ్లాసు తేవడానికి ఆలస్యం చేశాను, ఈసారి పక్కనుంటాను అంది. ఎవరూ కాదనలేదు.

మోకాలి లోతు దాకా బురద. నడుము లోతుకు వచ్చేసరికి పారలు దిగడం మానేశాయి. పార అంచుకు ఏదో మెత్తగా ఉన్నా తెగనంత గట్టిగా, చాపలా తగులుతోంది. యోబే గోతిలోకి దిగి చేత్తో మట్టి తీసి చూశాడు. కాసేపటికి అతని చేతులు ఆగిపోయాయి.

"ఎవరూ గడ్డపార వెయ్యకండి," అన్నాడు నెమ్మదిగా.

అక్కడ పెట్టె లేదు. పదకొండేళ్లలో చెక్కలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. పెట్టె ఉన్న చోట వేళ్లున్నాయి. దారాల్లాంటి ఎర్రటి సన్నవేళ్లు, వేలికంటే లావుగా ఉన్నవి, వెంట్రుకల్లాంటివి, అన్నీ ఒకదానిలో ఒకటి దూరి, నాలుగు మూలలూ నాలుగు వైపులూ పెట్టె ఆకారంలోనే అల్లుకుని ఉన్నాయి. చేయి తిరిగిన మేదరి కూర్చుని అల్లినట్టుంది. యోబే ఒకచోట వేళ్లను పక్కకు జరిపాడు. లోపల ఇంకో అల్లిక ఉంది. అది మనిషి ఆకారంలో ఉంది. తల దగ్గర గుండ్రంగా, భుజాల దగ్గర వెడల్పుగా, మోకాళ్ల దగ్గర సన్నగా. ఎముకలు ఆ అల్లికలో అక్కడక్కడ తెల్లగా కనిపిస్తున్నాయి, చెదరకుండా, ఏది ఎక్కడ ఉండాలో అక్కడే. నోరు ఉండే చోట మాత్రం వేళ్లు అన్నిటికంటే ఒత్తుగా ఉన్నాయి. వచ్చిన వేళ్లలో సగం అక్కడే చేరినట్టున్నాయి.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. గోతులు తీసేవాళ్లలో ఒకడు పైకెక్కి దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

"వేళ్లు కోసెయ్యనా వదినా?" అని అడిగాడు యోబే. ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

న్యాజిబా గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుంది. నోరు ఉన్న చోటునే చూస్తోంది. ఆమెకు భయం వేసింది, దాన్ని దాచుకోలేదు. అయితే భయం కింద ఇంకేదో కూడా ఉంది. ఒక్క గుక్క నీళ్లు గొంతు దిగకుండా పోయినవాడి చుట్టూ పదకొండేళ్ల నుంచి ఇన్ని నీళ్లు నడిచి వెళ్లాయి. ఈ ఊరి బావిలోంచి తీసిన ప్రతి మధ్యాహ్నపు నీరూ ఈ నోటి మీదుగానే పైకెక్కి, ఆకుల్లోంచి ఆకాశంలోకి పోయింది.

"కొయ్యొద్దు," అంది. "బయటికి పోయే వేళ్లు మాత్రమే కొయ్యి. అతణ్ని ఎలా ఉన్నవాణ్ని అలాగే ఎత్తండి."

చుట్టూ ఉన్న వేళ్లను కొడవలితో తెంపారు. తెంపిన ప్రతి చోటా నీళ్లు వచ్చాయి. గోతిలో మిగిలినవాళ్లూ, సాయానికి దిగిన ఊరిపెద్దా కలిసి ఆ వేళ్ల పెట్టెను పైకి లేపారు. అనుకున్నంత బరువు లేదు. అది పైకి రాగానే దాని కింద ఖాళీ అయిన గోతిలోకి నీళ్లు చప్పుడు లేకుండా పైకి లేచాయి, తేటగా, చల్లగా, చూస్తుండగానే మోకాలి లోతు దాకా. ఎప్పుడు పైకెక్కాడో ఎవరికీ తెలియకుండా ఊరిపెద్ద అప్పటికే గట్టు మీద ఉన్నాడు.

న్యాజిబా తన భుజం మీది చితెంజె గుడ్డ తీసి, నోరు ఉన్న చోట కప్పింది. గుట్ట మీదికి మోసుకెళ్లేటప్పుడు దారి పొడుగునా వేళ్లలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉన్నాయి. దుమ్ములో ఆ చుక్కల వరస తోపు దగ్గర్నుంచి శ్మశానం దాకా పడింది. మధ్యాహ్నానికి ఆరిపోయింది.

ఊటను నెల రోజులు పారనిచ్చారు. ఆరోగ్య కార్యకర్త వచ్చి బావిలో మందు కలిపి, రెండుసార్లు మొత్తం తోడించి, మూడోసారి నిండాక ఇక తాగొచ్చన్నాడు. అప్పుడు కూడా ఎవరూ ముందుకు రాలేదు. జనం చుట్టూ నిలబడి చూస్తుంటే న్యాజిబా చేద లాగి, దోసిలి పట్టి, మోచేతుల మీదుగా కారేదాకా తాగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఏ వాసనా లేదు. యోబే తాగాడు. తర్వాత మెల్లగా ఒకరొకరే బిందెలు తెచ్చుకున్నారు. న్యామోయో మాత్రం రాలేదు. ఇప్పటికీ ఆమె ఏటికే వెళుతుంది. ఇద్దరూ ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, కూర ఇచ్చి పుచ్చుకుంటారు. న్యామోయో ఈ ఇంట్లో మంచినీళ్లు మాత్రం అడగదు, న్యాజిబా పెట్టదు.

వానలు బాగా పడ్డాయి ఆ ఏడు. బెరడు ఒలిచినా జనవరిలో మొదళ్ల నుంచి ఎర్రటి చివుళ్లు తోసుకొచ్చాయి. శనివారం శనివారం న్యాజిబా, యోబే వెళ్లి వాటిని విరిచేస్తారు. ఒక రోజు విరుస్తూ విరుస్తూ యోబే ఆగాడు.

"వదినా, గుట్ట మీద సంగతేంటి? అన్నయ్యతో పాటు ఆ వేళ్లు కూడా పెట్టాం కదా. అవి మళ్లీ..."

"తెగిన వేరు మొలవదు. నర్సరీలో చూశాను."

"నర్సరీలో చూసినవి వేరు కదా."

ఆమె అతని మాటకు నవ్వి ఇంకో చివురు విరిచింది. అయితే ఆ మర్నాడు చర్చి నుంచి ఇంటికి పోకుండా గుట్ట ఎక్కింది. కొత్త సమాధి మీద గడ్డి పచ్చగా లేచింది. వంగి, గడ్డిని చేత్తో పాయలు పాయలుగా విడదీసి, తల వైపు నుంచి కాళ్ల వైపు దాకా చూసింది. ఏమీ లేదు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం వెళ్లి చూస్తూనే ఉంది. ఇప్పటిదాకా గడ్డి తప్ప ఇంకేమీ మొలవలేదు.